చిటపటలు ఎవరి నోట్లోవి?

ఇంగ్లీషు సందేహాలు: కడప నుంచి రిటైర్డ్ హైస్కూలు టీచరమ్మ జవాబులు

పోయిన నెల ఒకాయన ‘ఓకే’ అనే మాటను ఆఫీసు ఉత్తరంలో రాయొచ్చా అని అడిగితే, రాయొచ్చు అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాను. ఇక ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ఆ దోవనే పట్టాయి. నిఘంటువులో ఉండీ లేనట్టుండే మాటలు, చప్పుళ్ళను పట్టి రాసే మాటలు, నోటితో అంటామే గానీ కాగితం మీద పెట్టడానికి జంకే మాటలు. అన్నట్టు ఆ ‘ఓకే’ పుట్టుక కూడా పెద్ద గౌరవమైనదేం కాదు. ‘ఆల్ కరెక్ట్’ను కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి, దాన్ని రెండక్షరాలకు కుదించి 1839లో బోస్టన్ పత్రిక ఒకటి వేసిన జోకు అది. ఇప్పుడు జిల్లా కలెక్టరు ఫైలు మీద కూడా ఉంటుంది.

ఈసారి పేజీ మొత్తం వీటికే. టెన్సుల గురించి అడిగినవాళ్ళు ఒక నెల ఓపిక పట్టండి, అవి ఎక్కడికీ పోవు.

ప్రశ్న: మా కాలేజీ మ్యాగజైన్‌కు ఇంగ్లీషులో చిన్న కథ రాశాను. మా అవ్వ పప్పుకు తిరగబాత పెట్టే చోట ‘ది మస్టర్డ్ సీడ్స్ వెంట్ చిటపట ఇన్ ది ఆయిల్’ అని రాస్తే, మా సార్ ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన ‘నో సచ్ వర్డ్’ అని రాశారు. ఇంగ్లీషులో చప్పుడు మాటలు రాయకూడదా మేడం?
— డిగ్రీ విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: నిక్షేపంగా రాయొచ్చు తల్లీ. బజ్, హిస్, క్లిక్, స్ప్లాష్, థడ్, మర్మర్, హమ్. ఇవన్నీ చెవిలోంచి పుట్టినవే. అలవాటైపోయాయి కాబట్టి చప్పుడు మాటలని తోచదు, అంతే. మీ సార్ అనుమానం నీ చిటపట మీద మాత్రమే. ఆ అనుమానం సగం సరైనది, సగం కాదు.

ముందు సరికాని సగం చెబుతాను. నీ వాక్యంలో వ్యాకరణం తప్పేమీ లేదు. ‘ది గన్ వెంట్ బ్యాంగ్’ అని ఇంగ్లీషువాళ్ళే రాస్తారు. ‘వెంట్’ పక్కన ఒక చప్పుడును కూర్చోబెట్టడం ఆ భాషకు అలవాటైన పనే. నీకు అది చెవిన పడి పట్టుబడింది, సంతోషం.

ఇక రెండో సగం. మనం చప్పుడును ఉన్నదున్నట్టు పట్టుకుని దాని వెనక ‘అని’ తగిలిస్తాం. చిటపటమని పేలాయి, సుయ్యిమని పొగ లేచింది, గణగణమని మోగింది. లేదంటే టక్కున లేచాడు, ధబేల్న పడ్డాడు. చప్పుడు ఒకటి, పని చేసే క్రియ వేరొకటి. ఇంగ్లీషుకు ఆ ‘అని’ లేదు. అది చప్పుడునే తీసుకుని క్రియ చేసేస్తుంది, దానికి మామూలు క్రియకు పెట్టినట్టే ‘ఈడీ’, ‘ఐఎన్‌జీ’ తోకలు పెడుతుంది. తలుపు ధడేల్మని మూసుకోవడం వాళ్ళకు ఒకే మాట, బ్యాంగ్డ్. తుమ్మెద ఝుమ్మని తిరగడం బజ్డ్. మన పిల్లలు రాసే ఇంగ్లీషులో ‘విత్ ఎ సౌండ్ ఆఫ్’ అనే ముక్క పదే పదే కనబడేది ఈ ‘అని’ని మోసుకుపోవడం వల్లనే.

ఇప్పుడు మీ అవ్వ పొయ్యి దగ్గరికి పోదాం. ఈసారి కళ్ళు మూసుకుని వినాల. ఆవాలు నూనెలో పడగానే ఏమీ వినబడదు. కాసేపటికి ఒక గింజ, ఆగి ఇంకో గింజ పేలతాయి. ఆ విడివిడి చప్పుడు ‘పాప్’. తర్వాత అన్నీ ఒక్కసారి లేచి బాండ్లి అంచులకు తగులుతాయి చూడు, అది ‘స్ప్లటర్’. మన దేశపు వంటల పుస్తకాల ఇంగ్లీషులో ఆవాలకు నిలిచిపోయిన మాట ఇదే. ఎండుమిరపకాయకు చప్పుడు తక్కువ, ఘాటు ఎక్కువ. అక్కడ ఎవరిదో ఒకరి దగ్గు రాసుకో. కడిగిన కరివేపాకు తడి ఆరకుండా వేస్తే ‘క్రాకిల్’. చివర తిరగబాతను పప్పులోకి వంచినప్పుడు వచ్చే సుయ్ ఉందే, అది క్షణంలో ఆగితే ‘హిస్’, కాసేపు సాగితే ‘సిజిల్’. అయిదు నిమిషాల వంటలో ఇన్ని చప్పుళ్ళున్నాయి. అన్నిటినీ ఒక్క చిటపటతో సరిపెట్టడం నీ చెవికి నువ్వే చేసుకునే అన్యాయం.

అయితే చిటపటను తీసేయాలా? అది నీ కథ ఎవరు చెబుతున్నారన్న దాని మీద ఉంది. అన్నీ తెలిసిన రచయిత్రి దూరంగా నిలబడి చెబుతుంటే ‘ది మస్టర్డ్ సీడ్స్ స్ప్లటర్డ్’ చాలు. ‘ఇన్ ది ఆయిల్’ కూడా దండగ, ఆవాలు నీళ్ళలో పేలవు గదా. ప్రొద్దుటూరులో అవ్వ కొంగు పట్టుకుని తిరిగే ఆరేళ్ళ పాప చెబుతుంటే మాత్రం చిటపట ఉండాల్సిందే. ఆ పాపకు స్ప్లటర్ అనే మాట తెలియదు. తెలిసినట్టు రాస్తే కథ అబద్ధమవుతుంది. అట్లా ఉంచినప్పుడు మొదటిసారి ఇటాలిక్స్‌లో పెట్టు, తర్వాత మామూలుగా రాయి. పక్కనే ‘ఎ క్రాక్లింగ్ సౌండ్’ అని అర్థం మాత్రం చెప్పొద్దు. నూనె, ఆవాలు, చిటపట పక్కపక్కన ఉంటే ఏ దేశంవాడికైనా తెలుస్తుంది.

మీ సార్‌తో వాదన పెట్టుకోవద్దు. ‘కథ చెప్పేది చిన్నపిల్ల సార్’ అని ఒక్క మాట అను. ఒప్పుకోకపోతే, మ్యాగజైన్ ఆయన చేతిలో ఉంది, కథ నీ చేతిలో ఉంది.

ప్రశ్న: మాది నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్. మిషన్‌లో తేడా వస్తే తయారుచేసిన కంపెనీకి ఇంగ్లీషులో మెయిల్ పెట్టాల. ‘మిషన్ కేమ్ గర్ సౌండ్’ అని రాస్తే వాళ్ళకు అర్థం కాలేదు. చప్పుళ్ళు రాస్తే చిన్నపిల్లల రాత మాదిరి ఉంటుందని మావాళ్ళు నవ్వుతున్నారు. ఎట్ల రాయాల మేడం?
— సూపర్‌వైజరు, ఎర్రగుంట్ల

జవాబు: నవ్వేవాళ్ళను నవ్వనీ నాయనా. మెకానిక్ మొదట అడిగేదే ‘ఏం చప్పుడు వస్తాంది?’ అని. ఇంగ్లీషులో మిషన్ రిపేరు పుస్తకాల్లో, ఇంజనీర్ల రిపోర్టుల్లో చప్పుడు మాటలు పూర్తి మర్యాదతో ఉంటాయి. కథల్లో కంటే అక్కడే వీటికి విలువ ఎక్కువ, ఎందుకంటే ఒక్కో చప్పుడుకు ఒక్కో అనుమానం ఉంటుంది.

నీ ‘గర్’ లోపల ఏముందో విప్పి చూడు. ఇనుము ఇనుమును ఒరుసుకున్నట్టు ఉంటే ‘గ్రైండింగ్’. బేరింగ్ అరిగిందా, గ్రీజు అయిపోయిందా అని చూస్తారు. కీచుమని చెవులు పట్టేస్తే ‘స్క్వీలింగ్’. బెల్టు జారుతోందేమోనని మొదటి అనుమానం. గలగలా ఊగుతుంటే ‘రాట్లింగ్’. బోల్టో, పైన మూసే రేకో వదులైంది. లెక్క పెట్టినట్టు టక్ టక్‌మని కొడుతుంటే ‘నాకింగ్’. గాలి గొట్టం దగ్గర సన్నగా బుస కొడితే ‘హిస్సింగ్’, ఎక్కడో లీకుంది.

ఇంకొకటి ఉంది, మీ యూనిట్లలో తరచూ వినబడేదే. మోటారు గుయ్యిమంటుంది గానీ తిరగదు. దీనికి ఇంగ్లీషు వాక్యం చాలా చిన్నది: ‘ది మోటర్ హమ్స్ బట్ డజ్ నాట్ టర్న్.’ ఈ ఒక్క వాక్యం చదివితే అవతల ఇంజనీరు మూడు ఫేజుల్లో ఒకటి పోయిందేమో చూడమంటాడు. అట్లా గుయ్యిమంటున్న మోటారును ఆన్‌లోనే ఉంచి మెయిల్ రాస్తూ కూర్చోవద్దు, వైండింగ్ కాలిపోతుంది. ముందు ఆపు, తర్వాత రాయి.

నీ వాక్యంలో మార్చాల్సింది ‘కేమ్’. చప్పుడు ‘వచ్చింది’ అనే మన మాట అక్కడ నప్పదు. ‘ది మిషన్ మేక్స్ ఎ గ్రైండింగ్ నాయిస్’ అని రాయి. ‘సౌండ్’ కంటే ‘నాయిస్’ మేలు, అది అక్కర్లేని చప్పుడని చెబుతుంది. తర్వాత ఎప్పుడు మొదలైంది, స్విచ్ వేయగానేనా, రాయి కింద పెట్టి లోడు పడ్డాకనా, ఆగకుండా వస్తోందా, ఆగి ఆగి వస్తోందా అన్నవి రాయాలి. చప్పుడు పేరు ఒకటి, అది పుట్టే సమయం ఒకటి. ఈ రెండూ ఉంటే వాళ్ళు నీకు ఫోన్ చేయాల్సిన పని ఉండదు.

ఫోన్‌లో రికార్డు చేసి పంపితే పోలా అంటావేమో. పంపు, తప్పులేదు. కానీ మీ షెడ్డులో పక్క మిషన్ల రొద, నీళ్ళ చప్పుడు, లారీ హారను అన్నీ కలిసి అందులో పడతాయి. ఏది వినాలో చెప్పడానికైనా ఒక మాట కావాల గదా.

ప్రశ్న: మా మేనేజరు నాకు పంపే మెసేజీల్లో ‘గొన్నా’, ‘వాన్నా’ అని రాస్తుంటారు. నేనూ అదే పద్ధతిలో ‘ఐయామ్ గొన్నా కర్నూల్ టుమారో’ అని జవాబిచ్చాను. నవ్వుతున్న బొమ్మ పంపారు. ఇందులో నవ్వడానికేముంది?
— ప్రైవేటు ఉద్యోగి, అనంతపురం

జవాబు: ఉందప్పా, కొంచెం ఉంది. జి-ఓ-డబుల్ ఎన్-ఏ అనేది ‘గోయింగ్ టు’ అన్న రెండు మాటలు నోట్లో కరిగి ఒకటైనది. కానీ ఏ ‘గోయింగ్ టు’ పడితే అది కరగదు. వెనక క్రియ ఉండాలి. ‘గొన్నా ఈట్’, ‘గొన్నా రెయిన్’ సరే. వెనక ఊరి పేరు ఉంటే, అంటే నిజంగా పోవడమే అయితే, కరగదు. కాబట్టి కర్నూలుకు గొన్నాతో పోలేవు, బస్సుకే పోవాల. ‘గొన్నా గో టు కర్నూల్’ అని రాసి ఉంటే బొమ్మ వచ్చేది కాదు.

వాన్నాకూ ఇట్లాంటి పేచీ ఉంది. ‘ఐ’, ‘వి’, ‘దే’ పక్కన నడుస్తుంది. ‘హీ’ పక్కన ‘వాంట్స్ టు’లోని ఎస్ అడ్డం పడుతుంది, అందుకే ‘హీ వాన్నా’ పాటల్లో తప్ప బయట తప్పే. చూశావా, యాసగా కనబడే మాటకు కూడా ఎంత కచ్చితమైన రూలు ఉందో. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళు దీన్ని ఎవరూ నేర్పకుండానే పాటిస్తారు. మనం నేర్చుకుని పాటించాల.

మాట్లాడేటప్పుడు చదువుకున్న ఇంగ్లీషువాళ్ళు కూడా గొన్నా అంటారు, అందులో మోటుతనం ఏమీ లేదు. రాతలోకి దించినప్పుడే అది చనువు మాటవుతుంది. మన ఆఫీసుల్లో చనువు పైనుంచి కిందికి ముందు దిగుతుంది, కిందినుంచి పైకి ఆలస్యంగా ఎక్కుతుంది. ఆయన గొన్నా అన్నప్పుడు నువ్వు ‘ఐయామ్ గోయింగ్ టు’ అంటే ఎవరికీ నష్టం లేదు.

ఈ సందర్భంగా ఒకటి చెప్పాలి, ఎవరూ అడగలేదు కానీ. ‘కుడ్ హ్యావ్’ను పొట్టిచేసి పలికితే చెవికి ‘కుడ్ ఆఫ్’లా వినబడుతుంది. దాన్ని నమ్మి ఓ-ఎఫ్ అని రాసేస్తున్నారు, ఇంగ్లండులోనూ రాస్తున్నారు. ఇది యాస కాదు, చనువూ కాదు, ఉత్త తప్పు. కథలో పాత్ర చేత రాయించినా అతను ఉత్తరం రాస్తున్నట్టు ఉంటేనే రాయించాలి, ఎందుకంటే పలికితే తేడా వినబడదు.

ప్రశ్న: మెసేజీలో ‘సో’కు ఎన్ని ఓలు పెట్టొచ్చు? ‘హ్మ్’ అంటే అవునా, కాదా?
— పేరు రాయని పాఠకురాలు, కడప

జవాబు: స్నేహితురాలికైతే వేలు నొప్పి పుట్టేవరకు పెట్టుకోండి. పత్రికకు, ఆఫీసుకు ఒక్కటే. ‘హ్మ్’ అంటే అవునూ కాదు, కాదూ కాదు. ‘ఇంకా ఆలోచిస్తున్నా, నువ్వు మాత్రం ఆశ పెట్టుకోవద్దు’ అని. పైవాళ్ళ నుంచి వస్తే మళ్ళీ అడగాలి. మీరు పైవాళ్ళకు పంపకూడదు.

ప్రశ్న: ‘ఈజ్ నాట్’కు బదులు వాడే ‘ఎయింట్’, ‘ఇర్రెగార్డ్‌లెస్’ రెండూ డిక్షనరీలో నా కళ్ళతో చూశాను. కోచింగ్ సెంటరులో తప్పు అంటున్నారు. డిక్షనరీలో ఉన్నాక తప్పు ఎట్లయితుంది?
— పోటీ పరీక్షల అభ్యర్థి, కర్నూలు

జవాబు: డిక్షనరీ తహసీల్దారు ఇచ్చే సర్టిఫికెట్ లాంటిదని మనవాళ్ళకు ఒక నమ్మకం. దాంట్లో ఉండేది జనం వాడుతున్నారన్న రికార్డు మాత్రమే. మాట పక్కన చిన్న అక్షరాల్లో ‘నాన్‌స్టాండర్డ్’ అనో ‘ఇన్ఫార్మల్’ అనో ఒక చీటీ అతికిస్తారు. నువ్వు మాట చూసి చీటీ చూడలేదు, కోచింగ్ సారు చీటీ చూసి మాట లేదంటున్నాడు.

ఈ గొడవ అమెరికాలో పెద్దదే జరిగింది. 1961లో వెబ్‌స్టర్ మూడో అంతర్జాతీయ నిఘంటువు వచ్చినప్పుడు అందులో ఎయింట్‌ను తగినంత కసరకుండా వదిలేశారని పేరున్న పత్రికలు దుమ్మెత్తిపోశాయి. నిఘంటువు చేసినవాళ్ళ సమాధానం ఒకటే, మాట ఎట్లా ఉండాలో చెప్పడం మా పని కాదు, ఎట్లా ఉందో రాయడమే మా పని అని.

అంత దూరం ఎందుకు, మా కడప చూడు. సి.పి. బ్రౌన్ 1820లో ఇక్కడ ఉద్యోగానికి వచ్చి, తెలుగు నేర్చుకుని, పండితులను పెట్టుకుని, నిఘంటువు కట్టాడు. కావ్యాల మాటలతో ఆగలేదు. కచేరీల్లో, సంతల్లో జనం వాడే హిందుస్తానీ, ఇంగ్లీషు కలిసిన మాటలకు వేరుగా మిశ్రభాషా నిఘంటువని 1854లో ఒకటి అచ్చు వేశాడు. వాటిని ‘తెలుగే కాదు’ అని తోసేసి ఉంటే ఆ రోజుల్లో ఒక్క అర్జీ కూడా ఎవరికీ అర్థమయ్యేది కాదు. గ్రామ్యం అని ముద్ర వేసి మన మాటలనే బడి గడప తొక్కనీయని కాలం ఒకటుండేది. దాని మీద గిడుగు రామమూర్తి గారు చేసిన పోరాటం నువ్వు తెలుగు పేపరుకు చదివే ఉంటావు. అదే తగాదా ఇంగ్లీషులోనూ ఉందనుకో.

ఇక నీ పరీక్ష. అక్కడ అడిగేది లోకంలో ఏమంటారని కాదు, స్టాండర్డ్ ఇంగ్లీషు ఏదని. తప్పు పట్టమన్న ప్రశ్నలో ఎయింట్ కనబడితే అదే తప్పు, గుడ్డిగా గీత పెట్టు. ఇర్రెగార్డ్‌లెస్‌కు ముందొక ‘లేదు’, వెనకొక ‘లేదు’, రెండు తోకలున్నాయి. ‘రిగార్డ్‌లెస్’ రాయి. ‘ఆల్‌రైట్’ను ఒకే మాటగా కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. పరీక్షలో రెండు మాటలుగా విడదీసి రాస్తే ఎవరూ అడగరు.

ప్రశ్న: రాయలసీమ కథలను ఇంగ్లీషులోకి తెస్తున్నాను. ‘ఏమప్పా, వాన యాడికి పాయ?’ అంటాడు రైతు. ఇక్కడ ఎయింట్, డన్నో లాంటివి వాడితే యాస వస్తుందని ఒక మిత్రుడి సలహా. అలాగే ‘ప్చ్’, ‘ఊఁ’, ‘ఆఁ’, ‘అయ్యో’లను ఏం చేయాలి?
— అనువాదకుడు, కడప

జవాబు: మీ మిత్రుడి సలహా తీసుకోవద్దు సార్. పులివెందుల దగ్గర శెనక్కాయ చేలో నిలబడిన మనిషి నోట్లో ఎయింట్ పెట్టారంటే, చదివేవాడికి వెంటనే అమెరికా దక్షిణాదో, లండన్ సందులో కనబడతాయి. నెత్తిన తువ్వాలు పోయి వెడల్పు టోపీ వస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషులో చాలామంది రచయితలు పల్లె మనిషి మాటను చూపడానికి ‘వాజ్’ను డబ్ల్యూ-యు-జెడ్ అనీ, ‘సేజ్’ను ఎస్-ఈ-జెడ్ అనీ రాస్తూ వచ్చారు. పలికి చూడండి. చదువుకున్నవాడు పలికినా అట్లనే ఉంటుంది. చెవికి తేడా లేదు, కంటికే తేడా. మాట్లాడేవాడికి చదువు లేదని స్పెల్లింగుతో ఎగతాళి చేయడం తప్ప అందులో ఇంకేమీ లేదు. జార్జ్ ఫిలిప్ క్రాప్ అనే భాషావేత్త 1925లో దీనికి ‘ఐ డయలెక్ట్’ అని పేరు పెట్టాడు. కంటి యాస అనుకోండి. మన కథకులు ‘యాడికి’, ‘పాయ’, ‘చేస్తాండాడు’ అని రాసేది ఇట్లాంటిది కాదు. అది నిజంగా చెవికి వినబడే తేడా. ఆ మనిషి తప్పు తెలుగు మాట్లాడటం లేదు, తన వ్యాకరణంతో తన తెలుగు మాట్లాడుతున్నాడు. మరి అతని చేత తప్పు ఇంగ్లీషు ఎందుకు మాట్లాడించాలి?

నేనైతే స్పెల్లింగు ముట్టుకోను. వాక్యం నడకను పట్టుకుంటాను. ‘వాన యాడికి పాయ’ అనడంలో వాన ఇంట్లో చెప్పకుండా బయటికి పోయిన మనిషి. ఆ ఎత్తిపొడుపు ముఖ్యం. ‘సో, అప్పా, వేర్ హ్యాజ్ ది రెయిన్ గాన్ ఆఫ్ టు?’ అంటే అన్నీ స్టాండర్డ్ మాటలే, అయినా ఎత్తిపొడుపు ఉంది. ‘అప్పా’ను అట్లనే ఉంచండి. ‘బ్రదర్’ అంటే చర్చి గుర్తొస్తుంది, ‘మ్యాన్’ అంటే సినిమా గుర్తొస్తుంది. ఒకే కథలో అప్పా, అబ్బీ, అన్నా వేర్వేరు మనుషులకు వస్తుంటే వాటిని కలపకండి. ఎవరు ఎవరిని ఏమని పిలిచారన్నదే సీమ కథలో సగం చుట్టరికం చెబుతుంది.

‘అయ్యో’ గురించి బెంగ పడొద్దు. 2016లోనే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులోకి ఎక్కింది. ఇటాలిక్స్ కూడా అక్కర్లేదు. పందికొక్కు ‘బ్యాండికూట్’ అయి ఆస్ట్రేలియా జంతువు మీద కూడా కూర్చోగా లేనిది, అయ్యోకు ఏం తక్కువ?

‘ఊఁ’ దగ్గర జాగ్రత్త. కథ వింటూ ఊఁ కొట్టడానికి ‘మ్‌హ్మ్’ సరిపోతుంది. ‘అ-హ’ అన్నట్టు పలికే ‘అహ్-హహ్’ వాళ్ళకు అవును, దాని పక్కనే ‘అ-అ’ అన్నట్టు తుంచి పలికేది కాదు. స్పెల్లింగులో తేడా ఒక్క హెచ్. అచ్చు తప్పు పడిందంటే పెళ్ళికి ఒప్పుకున్న పిల్ల ఒప్పుకోనట్టవుతుంది. ఇట్లాంటి కీలకమైన చోట ‘యెస్’ అనో, ‘షీ నాడెడ్’ అనో రాసేయండి.

‘ఆఁ’ ఒక చప్పుడు కాదు, నాలుగైదు పనులు చేసే మాట. వినబడలేదు మళ్ళీ చెప్పు అనడానికి, సరే అనడానికి, అవునా అని నోరు తెరవడానికి, ‘ఆఁ, చేస్తాడులే’ అని తీసిపారేయడానికి. అచ్చులో అన్నిటికీ ఒకే అక్షరం. అనువాదంలో అక్షరాన్ని వదిలి పనిని పట్టుకోవాలి: ‘వాట్?’, ‘యెస్’, ‘నో!’, ‘ఓహ్, షూర్’.

అన్నిటికంటే కష్టమైంది ‘ప్చ్’. ఇది నాలుకతో పళ్ళ వెనక చేసే చప్పుడు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని టి-ఎస్-కె అని రాస్తారు. చాలామంది ఆ రాతను చూసి ‘టిస్క్’ అని చదివేస్తారు కూడా. అచ్చు పడ్డాక చప్పుడు పోయి మాట మిగిలింది. చిక్కు అక్కడితో ఆగదు. వాళ్ళ టిస్క్‌లో మందలింపు ఎక్కువ, ‘ఏం పని అది, సిగ్గులేదా’ అన్నట్టు. మన ప్చ్‌లో జాలి, నిట్టూర్పు, ఇక చేసేదేమీ లేదన్న ఒప్పుకోలు. ఎండిన చేను చూసి రైతు ప్చ్ అంటే టిస్క్ అని రాశారనుకోండి, చేనును మందలించినట్టుంటుంది. ‘హి క్లిక్డ్ హిజ్ టంగ్’ అని చెప్పి, వెంటనే అతను చేసిన పని ఒకటి రాయండి. మట్టిబెడ్డ తీసి చిదిమాడనో, తువ్వాలు దులిపాడనో. మూలకథలో ఆ పని ఉంటే సరే, లేకుంటే రచయితను అడగండి. మీ ఊర్లోనే ఉంటారు కాబట్టి అడగడం తేలిక.

ప్రశ్న: మా పాప ఇంగ్లీషు పుస్తకంలో కుక్క ‘బౌ-వౌ’ అనీ, ‘వూఫ్’ అనీ, కోడి ‘కాక్-ఎ-డూడిల్-డూ’ అనీ ఉంది. మన కోడి అట్ల కూయదు గదా అని అడుగుతోంది. ఏం చెప్పాల?
— గృహిణి, అనంతపురం

జవాబు: పాప చెవి గట్టిది. అన్ని దేశాల కోళ్ళూ ఒకే రకంగా కూస్తాయి. వినేవాళ్ళే తమ భాషలో ఉన్న అక్షరాలతో పట్టుకుంటారు. ఫ్రాన్సులో ‘కొకొరికో’, జర్మనీలో ‘కికెరికీ’. ఈ రెండూ మన కొక్కొరొకోకు దగ్గరి చుట్టాలు, ఇంగ్లీషువాడే దూరం పోయాడు. కాకి దగ్గర మళ్ళీ కలుస్తారు: మనకు కావ్, వాళ్ళకు ‘కా’.

పాపకు ఇంకో ఆట నేర్పండి. ఇంగ్లీషులో జంట చప్పుళ్ళు వచ్చినప్పుడు ముందు ‘ఇ’, తర్వాత ‘ఆ’నో ‘ఓ’నో వస్తుంది. టిక్-టాక్, డింగ్-డాంగ్, పిటర్-ప్యాటర్. తిరగేసి టాక్-టిక్ అని చెప్పమనండి, నవ్వుతుంది. మన చిటపటలోనూ ఇ ముందు, అ తర్వాత.

పరీక్షలో మాత్రం కాక్-ఎ-డూడిల్-డూ అనే రాయమనండి. అది ఒకే మాట, మధ్యలో మూడు గీతలు పెట్టాలి. ఆ గీతలు మరిచిపోతే మార్కు కట్ చేసే టీచర్లున్నారు.